ఘాట్ దిగిన మేము, ఘాట్ ఎక్కని డాక్టరు

గోవాడ అనగానే ఈ ప్రాంతంలో ఎవరికైనా చెరకు గుర్తుకొస్తుంది. సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు. పక్కనే చోడవరం. పాడేరు ఘాట్ దిగి, మాడుగుల, వడ్డాది దాటి వచ్చే 108 బండ్లు చోడవరం మీదుగా విశాఖ కె.జి.హెచ్. వైపు పోతుంటాయి. దారిలో ఆ సైరను వినబడితే మేము మాట్లాడుతున్న మాట ఆపేస్తాం. ఆ బండిలో ఉన్నది పై ఊళ్ల మనిషే అయి ఉంటుందని మాకు తెలుసు. జ్వరం ముదిరిన పిల్ల కావచ్చు, పురుడు కష్టమైన తల్లి కావచ్చు, పాము కరిచిన పోడు రైతు కావచ్చు. పైన వైద్యం అంది ఉంటే వీరిలో చాలామంది ఇంత దూరం రావలసిన పని లేదు.

మేము ఏజెన్సీలో పుట్టి, ఉపాధ్యాయ శిక్షణ చదివి, కొండల మీద బడుల్లో పనిచేసి, పిల్లల చదువుల కోసం గోవాడ, చోడవరం చుట్టుపక్కల ఇళ్లు తీసుకున్న ఆదివాసీ ఉపాధ్యాయులం. "కొండ మీదికి డాక్టర్లు రారు, వచ్చినా నిలవరు" అని మీటింగుల్లో అందరికంటే గట్టిగా మాట్లాడేది మేమే. ఆ మాట తప్పు కాదు. కానీ ఆ మాట అనే ముందు మమ్మల్ని మేము ఒక ప్రశ్న వేసుకోవాలి. ఘాట్ దిగి వచ్చిన మాకు, ఘాట్ ఎక్కని డాక్టరును నిలదీసే హక్కు ఉందా? ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న మాకు ఊరికే పుట్టలేదు. కొన్నేళ్ల కింద మాలో ఇద్దరం కొండ మీద ఒకే బడిలో పనిచేశాం. ఊరి పేరు అవసరం లేదు, అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. తారు రోడ్డు ఊరికి ముందే ఆగిపోతుంది. అక్కడి నుంచి మోటారు సైకిలు మాత్రం ఎలాగో పోతుంది. శనివారం బడి వదలగానే ఇద్దరం బళ్లు తీసి దిగిపోయేవాళ్లం. సోమవారం పొద్దున్నే ఎక్కేవాళ్లం. ఆ వారం నాలుగో తరగతి పాప ఒకతి జ్వరంతో పడుకుంది. ఆదివారం రాత్రి ఫిట్స్ వచ్చాయి. తండ్రి ముందు మా గదికే పరుగెత్తుకొచ్చాడు, మాస్టార్ల బండి మీద తీసుకుపోదామని. గదికి తాళం ఉంది. డోలీ కట్టి, నలుగురు మార్చుకుంటూ మోసి, తెల్లారేసరికి ఆస్పత్రికి చేర్చారు. అక్కడ డాక్టరు లేరు. ఆయన డ్యూటీ ఎగ్గొట్టలేదు. పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం కింద ఒక ఆస్పత్రికి డిప్యుటేషన్ మీద వెళ్లారు. సిస్టరే రక్తం చూసి, మలేరియా అని తేల్చి, ఇంజెక్షను చేసి, బండి పిలిపించి కిందికి పంపింది.

పాప బతికింది. మూడు నెలల తర్వాత బడికి వచ్చింది. అంతకుముందు వాచకం గడగడా చదివిన పిల్ల, అచ్చుల దగ్గరే ఆగిపోయింది. మళ్లీ 'అ' నుంచి దిద్దించాం. తండ్రి మమ్మల్ని ఏమీ అనలేదు. "మీరు ఉన్నారేమో అని వచ్చాను మాస్టారూ" అన్నాడు, అంతే.

ఇందులో తప్పు ఎవరిది? ఆదివారం మాకు సెలవు. డిప్యుటేషన్ ఆ డాక్టరుకు ఆర్డరు. కింది ఆస్పత్రిలో కూడా మనుషులే ఉన్నారు, అక్కడా డాక్టరు కావాలి కాబట్టి ఆ ఆర్డరు ఇచ్చి ఉంటారు. ఎవరూ నియమం తప్పలేదు. అయినా ఒక పిల్ల చదువు పోయింది. దోషి లేని అన్యాయం అంటే ఇదే. దోషి దొరికితే తిట్టి ఊరుకోవచ్చు. దొరకనప్పుడు ఏర్పాటునే చూడాలి. డాక్టర్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అని ఎంత వాదించినా ఈ సమస్య ఒక్క అంగుళం కదలకపోవడానికి కారణం ఇదేనని మాకు అనిపిస్తుంది.

ముందు డాక్టరు వైపు నుంచి చూద్దాం. పాతికేళ్లు దాటిన పిల్లవాడో, అమ్మాయో. ఉండడానికి సరైన క్వార్టరు ఉండదు. అనుమానం వస్తే అడగడానికి పక్కన ఇంకో డాక్టరు ఉండడు. నేర్చుకున్న పరీక్షలు చేయడానికి యంత్రం ఉండదు, ఉన్నా కరెంటు ఉండదు. రక్తం కావాలంటే కిందికే పంపాలి. కళ్ల ముందు మనిషి పోతే జనం కోపం మాత్రం ఆయన మీదే. పెళ్లయితే భార్యకో భర్తకో ఉద్యోగం వేరే చోట. పిల్లలు పుడితే చదువు సంగతి. ఈ చివరి మాట రాస్తుంటే మా కలం ఆగింది. మేము ఘాట్ దిగింది ఆ కారణానికే కదా. మా పిల్లలకు మంచి బడి కావాలి అనుకున్నాం, మేము పాఠం చెప్పే బడి మా పిల్లలకు చాలదనుకున్నాం. కాబట్టి డాక్టరు స్వార్థపరుడు అనే మాట మా నోట రాకూడదు. వస్తే అది మాకూ తగులుతుంది.

మరి హక్కు మాట? డాక్టరు మీద సమాజానికి ఏమైనా హక్కు ఉందా? సర్కారు ఖర్చుతో చదివారు కాబట్టి తిరిగి ఇవ్వాలి అని సాధారణంగా అంటారు. అది నిజమే గాని, అది డబ్బు లెక్క. డబ్బు లెక్కను డబ్బుతో తీర్చేయవచ్చు. బాండు సొమ్ము కట్టేసి వెళ్లిపోయేవారు అలాగే తీరుస్తారు. అంతకంటే లోతైన బాకీ ఒకటి ఉంది. విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. నూరేళ్లుగా అక్కడి విద్యార్థులు వైద్యం నేర్చుకున్నది కె.జి.హెచ్. జనరల్ వార్డుల్లో. ఆ మంచాల మీద పడుకున్నవారు ఎవరు? చెరకు కోసే కూలీలు, చేపలు పట్టేవారు, ఏజెన్సీ నుంచి దిగిన మనవాళ్లు. స్టెతస్కోపు మొదటిసారి పెట్టి విన్నది పేదవాడి గుండెనే. వణికే చేత్తో మొదటి సూది గుచ్చింది పేదవాడి నరానికే. పురుడు పోయడం నేర్చుకున్నది పేద తల్లి దగ్గరే. డబ్బున్నవాడు తన ఒంటి మీద విద్యార్థిని నేర్చుకోనివ్వడు. అంటే డాక్టరు చదివిన పుస్తకాల్లో ఒకటి మన ఒళ్లు. ఆ పుస్తకానికి ఫీజు ఎవరూ కట్టలేదు, ఎవరూ కట్టలేరు. మనకు డాక్టరు మీద హక్కు ఉందంటే అది ఇక్కడి నుంచి వచ్చిందని మేము నమ్ముతున్నాం.

హక్కు ఉన్నంత మాత్రాన బలవంతం చేయవచ్చునా అనేది రెండో ప్రశ్న. ఇది మన తెలుగు రాష్ట్రాల్లో కొత్త తగాదా కాదు. పి.జి. అయ్యాక ఏడాది పాటు తప్పనిసరి గ్రామీణ సేవ చేయాలన్న నిబంధన మీద 2014లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు వారాల తరబడి సమ్మె చేశారు. పర్మినెంటు ఉద్యోగాలు ఇవ్వండి, వసతులు ఇవ్వండి, మమ్మల్ని ఏడాదికొకరిని తిప్పడం వల్ల పల్లెకు ఒరిగేదేమిటి అని వారు అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇంకోవైపు, రాష్ట్రాలు పెట్టే తప్పనిసరి సేవా బాండ్లు చెల్లుతాయని సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. బాండు చెల్లుతుందని కోర్టు చెప్పింది. ఆ బాండుతో వచ్చిన మనిషి మనసు పెట్టి పనిచేయడానికి ఏం కావాలో మాత్రం ఏ కోర్టూ చెప్పలేదు. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న డాక్టరును మేము చూశాం. రోజులు లెక్కపెట్టుకునే మాస్టార్లనూ చూశాం.

బలవంతం వద్దనుకుంటే ఆశ చూపించాలి. మన రాష్ట్రంలో పి.హెచ్.సి.లో పనిచేసే డాక్టర్లకు పి.జి. సీట్లలో ఇన్-సర్వీస్ కోటా ఉంది. ఆ కోటా తగ్గించినందుకే 2024 సెప్టెంబరులో పి.హెచ్.సి. డాక్టర్లు ఆందోళనకు దిగారు. చాలామందిని పల్లెలో నిలబెడుతున్నది ఆ ఆశే. దాన్ని తప్పుపట్టలేం. కానీ చూడండి, కొండ మీద పనిచేసినందుకు ఇచ్చే బహుమతి కొండ దిగిపోవడమే. పి.జి. చదివిన డాక్టరు మళ్లీ పైకి రావడానికి ఏ దారీ లేదు. 2021-22 కేంద్ర గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు.

ఇలాంటప్పుడు చాలామంది చెప్పే పరిష్కారం, "మీ పిల్లలే డాక్టర్లు కావాలి, వారైతే ఉంటారు" అని. ఇందులో బలం ఉంది. దీనికి మా వృత్తిలోనే సాక్ష్యం ఉంది. 1940లలో ఆదిలాబాద్ గోండు ప్రాంతంలో బయటి మాస్టార్లు నిలవనప్పుడు, హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకే శిక్షణ ఇప్పించి బళ్లు తెరిపించాడు. మన రాష్ట్రంలో 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. మాలో చాలామంది టీచర్లయింది ఆ జీవో వల్లే. నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న దాన్ని కొట్టివేసింది. ఆ శాతం గురించి వాదన ఉండవచ్చు. కానీ పిల్లవాడి భాషలో పిల్లవాణ్ని పిలిచే మాస్టారు వచ్చాక బడి ఎలా మారిందో మేము కళ్లారా చూశాం. వైద్యంలోనూ అంతే. కడుపులో ఎక్కడ నొప్పో కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో చెబితే అర్థమయ్యే డాక్టరు ఉంటే రోగం సగం దొరికినట్టే.

బయటి దేశాల్లోనూ ఇది చేసి చూశారు. జపానులో 1972లో జిచి వైద్య విశ్వవిద్యాలయం పెట్టారు. ప్రతి రాష్ట్రం నుంచి విద్యార్థులను తీసుకుంటారు. చదువు అయ్యాక తొమ్మిదేళ్లు సొంత రాష్ట్రంలో, అందులో మారుమూల ప్రాంతాల్లో కూడా పనిచేస్తే ఫీజు మాఫీ. అత్యధికులు గడువు పూర్తి చేస్తారు. పల్లెలో పుట్టినవారిని ఎంచుకుని చదివిస్తే పల్లెలో నిలిచే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2010లో సూచించింది. మనకు పాడేరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2024లో 50 సీట్లతో మొదలైంది. సంతోషమే. కానీ కాలేజీ కొండ మీద ఉన్నంత మాత్రాన అందులో చదివేవారు కొండవారు కారు. రాష్ట్రంలో ఎస్టీలకు 6 శాతం సీట్లు ఉన్నా, నీట్ కోచింగు అందేది పట్నంలో చదివిన పిల్లలకే. పెదబయలులో, ముంచింగిపుట్టులో ఆశ్రమ పాఠశాలలో చదివిన అమ్మాయి ఆ పరీక్ష దాకా రావడానికే అడ్డంకులు ఎన్నో. అందులో కొన్ని మా బడుల నుంచే మొదలవుతాయి. ఆ బాధ్యత మాది.

అయినా ఈ పరిష్కారంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. మన అమ్మాయి డాక్టరు అయిందనుకుందాం. ఆమెను, "నువ్వు ఆదివాసీవి, నీ జాతి సేవ చేయాలి, కొండ మీదే ఉండాలి" అంటాం. ఆమెతో చదివిన పట్నం అబ్బాయిని మాత్రం ఏమీ అడగం. ఆయన అమెరికా వెళ్లినా, విశాఖలో నర్సింగ్ హోము పెట్టినా "తెలివైనవాడు" అంటాం. అంటే అన్యాయం అనుభవించినవారి మీదే ఆ అన్యాయాన్ని సరిదిద్దే బరువు కూడా వేస్తున్నాం. మేము ఘాట్ దిగితే ద్రోహం అయినట్టూ, వేరేవారు ఎప్పుడూ ఎక్కకపోతే అది సహజమైనట్టూ మాట్లాడటం కూడా ఇలాంటిదే. మా పిల్లలకు సీట్లు కావాలి. అంతమాత్రాన కొండ మా పిల్లలకే శిక్ష కాకూడదు, మిగతావారికి మినహాయింపు కాకూడదు.

చైత్రంలో ఇటుకల పండుగ వేట గురించి మా పెద్దలు చెప్పే పద్ధతి ఒకటి ఉంది. దెబ్బ కొట్టినవాడికి ఒక భాగం ఎక్కువ పెడతారు. నేర్పుకు అది గౌరవం. మిగతా మాంసం మాత్రం ఇంటికొక వాటా. వేటకు పోలేని ముసలివారి ఇంటికీ, మగదిక్కు లేని ఇంటికీ వాటా చేరుతుంది. జంతువు పడిన చోటికి ఎవరి ఇల్లు దగ్గరుంటే వారికే అంతా అని ఎవరూ అనరు. మన దేశం డాక్టర్లను పంచే పద్ధతి అలాగే ఉంది, దగ్గరున్నవారికే అంతా. సర్కారు కాగితాలకూ వాటా సంగతి తెలుసు. మైదానంలో 30,000 మందికి ఒక పి.హెచ్.సి. అయితే గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒకటి. ఉపకేంద్రం 5,000 మందికి బదులు 3,000 మందికి. కొండలో నడక ఎక్కువ కాబట్టి వాటా పెద్దది చేశారు. గోడలు ఆ లెక్కన కట్టారు, మనుషులను ఆ లెక్కన పెట్టలేదు.

మరి మనుషులను ఎలా పెట్టాలి? దీనికి గోవాడ రైతుకు తెలిసిన జవాబు ఒకటి ఉంది. చెరకు తోట అందరిదీ ఇంచుమించు ఒకేసారి పండుతుంది. తన చెరకే ముందు ఫ్యాక్టరీకి చేరాలని ప్రతి రైతుకూ ఉంటుంది. అందుకే కటింగ్ ఆర్డరు అనేది పెట్టారు. నాటిన తేదీని బట్టి వరస. ఎవరికీ పూర్తి సంతోషం ఉండదు, కానీ వరస కాగితం మీద ఉంటే, అందరికీ కనబడితే, సర్దుకుంటారు. వరస తప్పించి ఒక్క బండి ముందు పోయిందని తెలిస్తే మాత్రం ఊరంతా గొడవ. మనిషి కష్టాన్ని ఓర్చుకుంటాడు, వంతు తప్పడాన్ని ఓర్చుకోడు.

డాక్టర్ల సంగతిలోనూ మేము అడగవలసింది త్యాగం కాదు, వంతు. సర్కారు సర్వీసులోకి వచ్చిన ప్రతి డాక్టరుకూ, స్పెషలిస్టుకు కూడా, మారుమూల ప్రాంతంలో ఒక వంతు ఉండాలి. ఎన్నాళ్లో ముందే తెలియాలి. గడువు కాగానే అడగకుండానే బదిలీ రావాలి. పలుకుబడి ఉన్నవాడు డిప్యుటేషన్ పేరుతో జారిపోకూడదు. ఎవరు ఎక్కడ పనిచేశారు అన్న జాబితా గోడ మీద అంటించాలి. కొండ మీద ఉన్నంతకాలం జీతం ఎక్కువ ఇవ్వండి, క్వార్టరు ఇవ్వండి, ఇద్దరు డాక్టర్లను కలిపి వేయండి. అది వేటగాడి అదనపు భాగం, మాకు అసూయ లేదు. ఒక్క పని మాత్రం మానండి. ఎవరి మీదైనా కోపం వస్తే ఏజెన్సీకి వేయడం మానండి. మేము పుట్టిన నేలను శిక్ష అని పిలిస్తే, అక్కడికి వచ్చినవాడు మమ్మల్ని ఏ కళ్లతో చూస్తాడు?

వంతు పద్ధతి షెడ్యూలు గీత దగ్గర ఆగకూడదని కూడా చెప్పాలి. రావికమతం, రోలుగుంట, మాడుగుల, చీడికాడ మండలాల్లో ఐదో షెడ్యూలులో చేరని ఆదివాసీ గ్రామాలు ఉన్నాయి. కొండ అదే, మనిషి అదే, డోలీ అదే, కాగితంలో మాత్రం మైదానం. నడక దూరం చూసి వాటా వేస్తే ఈ ఊళ్లకూ న్యాయం జరుగుతుంది.

కొందరు, డాక్టరు దాకా ఎందుకు, ఆశా, ఏఎన్ఎం చాలు అంటారు. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పసిపిల్లల మరణాలు తగ్గించి చూపారు. 1999లో అది ప్రపంచానికి తెలిసింది. మా పాపను బతికించింది కూడా సిస్టరే. వారి విలువ మాకు తెలుసు. కానీ ఆ ఉదాహరణను సాకుగా వాడుకోవద్దు. సికిల్ సెల్ ఉన్న పిల్లవాణ్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండడానికి సిస్టరూ కావాలి, ఆమె వెనక డాక్టరూ కావాలి. పట్నానికి స్పెషలిస్టు, కొండకు కార్యకర్త అని పంచితే అది పొదుపు అవుతుంది, న్యాయం కాదు.

ఈ ఘాట్ పాడేరు దగ్గరే లేదు. పాడేరు డాక్టరు విశాఖకు దిగుతాడు, విశాఖ డాక్టరు అమెరికాకో ఇంగ్లండుకో పోతాడు. డాక్టర్ల కొరత ఉన్న పేద దేశాల నుంచి పనిగట్టుకుని తీసుకుపోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నియమావళి చేసింది. ఆ నియమావళి గురించి మాట్లాడే మన పెద్దలు, ఢిల్లీ లండను మీద చేసే ఫిర్యాదునే పెదబయలు విశాఖ మీద చేస్తున్నదని గుర్తించాలి. అదే ఫిర్యాదును ఆ పాప తండ్రి మా మీద చేయవచ్చు. చేయలేదు.

మాకు హక్కు ఉందా అని మొదట అడిగాం. ఉంది, కానీ మా వంతు మేము మోసినంత వరకే. ఆ సంవత్సరం తర్వాత మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇద్దరం ఒకే శనివారం దిగకూడదు. ఈ ఆదివారం ఒకరు ఉంటే వచ్చే ఆదివారం ఇంకొకరు. ఉన్నవారి బండిలో పెట్రోలు ఉండాలి. ఈ సంగతి ఊళ్లో చెప్పాం. గది గోడ మీద ఆ వరస రాసి అంటించాం. అది ఏ జీవోలోనూ లేదు. మేము ఆ ఊరి నుంచి బదిలీ అయ్యేదాకా ఆ వరస తప్పలేదు. రెండేళ్లలో ఆదివారం రాత్రి ఆ తలుపు నాలుగుసార్లు తట్టారు.